కరడిగె లేని ఛాతీ

మే పదహారు, గురువారం, ఉదయం పదిన్నర. సాయంత్రం నాలుగింటికి బసవమ్మ మేజిస్ట్రేటు ముందు నిలబడి, మొగుణ్ణి తానే చంపానని ఒప్పుకోబోతోంది. అంటే డిటెక్టివ్ వెంకటరత్నానికి మిగిలింది అయిదున్నర గంటలు. అందులో ఇరవై నిమిషాలు ఇన్‌స్పెక్టర్ దురుగప్ప అతణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టే మింగేశాడు.

అసలు వెంకటరత్నం బెజవాడ నుంచి బళ్ళారికి వచ్చింది కేసు కోసం కాదు, అక్కయ్య సరోజినీదేవి కోసం. ఆమెకు ఊపిరితిత్తుల్లో కాన్సరు. ముదిరిపోయిందని మద్రాసు డాక్టర్లు పెదవి విరిచారు. సత్యనారాయణపేటలో డాక్టర్ సీతారామారావు అలా ముదిరిపోయిన వాళ్ళ మీదే పరిశోధన చేస్తున్నాడని తెలిసి, ఏప్రిల్ మొదట్లో ఆమెను తెచ్చి అతని చిన్న ఆస్పత్రిలో చేర్చాడు. వార్డులో ఆమె నంబరు పదకొండు. ఆ సూది వేయించుకున్న వాళ్ళ వాంతులు చూసి, నాకొద్దురా తమ్ముడూ అని ఆమె మొండికేసింది. ఏడో నంబరు రోగి గడ్డ కరిగిపోయి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాక గానీ ఒప్పుకోలేదు. రేపు పొద్దున ఆమెకు మొదటి సూది.

ఆ ఏడో నంబరు రోగి పేరు హంపయ్య, ఊరు రూపనగుడి, వృత్తి సేద్యం. నయమై ఇంటికి వెళ్ళిన మూడు వారాలకు, మే పన్నెండున, చచ్చిపోయాడు. బసవమ్మ అతని పెళ్ళాం.

"పోయి చూడరా," అంది అక్కయ్య నిన్న. "నాకు జడ వేసిన పిల్ల. మొగుడి వాంతులు దోసిట పట్టిన పిల్ల. అది చంపదు."

ఆ మాట మీదే వెంకటరత్నం ఇక్కడికి వచ్చి కూర్చున్నాడు. సిగరెట్లు మానేసి నలభై రోజులైంది. జేబులో అగ్గిపెట్టె మాత్రం మిగిలింది. పుల్ల తీసి కొరకడం, పారేయడం, ఇదీ ఇప్పటి అలవాటు.

దురుగప్ప మొరటువాడే గానీ తెలివితక్కువవాడు కాదు. కేసు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. గడ్డ అణిగిందని ఏప్రిల్ ఇరవై ఒకటిన డాక్టరే చీటీ రాసిచ్చాడు. నయమైనవాడు మూడు వారాల్లో ఆ జబ్బుతో చావడు. దిండు కింద నల్లమందు ఉండ దొరికింది. మూడెకరాల కాలవ చేను ఇప్పుడు బసవమ్మకు వస్తుందని హంపయ్య అన్న ఉచ్చెంగెప్ప రాతమూలకంగా ఫిర్యాదు ఇచ్చాడు.

"శవపరీక్ష?" అన్నాడు వెంకటరత్నం.

"లింగాయతులప్పా. చేన్లోనే సమాధి తవ్వి, చేతిలో లింగం పెట్టి కూర్చోబెట్టినారు. రేపు తవ్వేకి ఆర్డరు తెచ్చిండా. తవ్వితే కడుపులో నల్లమందు ఉండనే ఉంటాది. నువ్వే ఒప్పుకుంటే తవ్వేది లేదు అని ఆయమ్మకు చెప్పినా. సరే అన్నది."

వెంకటరత్నానికి ఒళ్ళు మండింది. దెబ్బ కొట్టకుండా, గొంతు పెంచకుండా ఇంత నీచంగా ఒప్పుకోలు రాబట్టినవాణ్ణి ఇరవై ఏళ్ళ వృత్తిలో చూడలేదు. నీచమే గానీ పకడ్బందీగా ఉంది. తవ్వితే నల్లమందు దొరుకుతుంది, తవ్వకపోతే ఒప్పుకోలు ఉంటుంది.

బసవమ్మను తెచ్చి నిలబెట్టారు. పాతికేళ్ళుంటాయి. ముక్కుపుడక, గాజులు, కాలి మెట్టెలు లాకప్పులో పెట్టేముందు తీసేసుకున్నారు. మెడలో నల్లదారానికి వేలాడే వెండి కాయ ఒక్కటే మిగిలింది. లింగాన్ని అందులో ఉంచుకుంటారు. కరడిగె అంటారు దాన్ని. అదీ తియ్యమంటే, మెడ కోసి తీసుకోండి అందట. జవాను భయపడి వదిలేసి, ఆ సంగతి రిజిస్టరులో రాశాడు.

నల్లమందు ఎందుకు పెట్టావని అడిగితే నొప్పికి పెట్టానంది. రోజుకు గురిగింజంత, చివరి వారం రెండు గింజలంత. పగలూ రాత్రీ అరిచేవాడంది.

"జబ్బు నయమైన మనిషి ఎందుకు అరుస్తాడమ్మా?"

ఆమె కరడిగెను పిడికిట్లో పట్టుకుంది.

"అది నన్ను అడగొద్దప్పా," అంది. "ఇంకొకరి అన్నం పోతాది. నా మొగుడు కూర్చున్నాడు, లింగం చూసుకుంటా. ఆయప్పను లేపద్దండి. నేను ఏమైనా అయిపోతాను."

ఇంకొకరి అన్నం. ఆ మూడో మనిషి ఎవరో ఆస్పత్రిలోనే తెలుస్తుందనుకుని వెంకటరత్నం లేచాడు. పదకొండుంబావు అయింది. రూపనగుడి వెళ్ళి ఉచ్చెంగెప్పను కదిలిద్దామా అన్న ఆలోచన వచ్చింది గానీ, బస్సు పోయి వచ్చేసరికి మూడు దాటుతుంది. మానుకున్నాడు.

ఆస్పత్రి ఫిల్ముల గదిలో కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లారు. ఎక్స్‌రే తీసే గాళెప్ప కడిగిన ఫిల్ములను తీగకు వేలాడదీస్తున్నాడు. చెవిలో బీడీ, ఒంటిమీద ఆసిడ్ మరకల చొక్కా. కుడిచెయ్యి సునాయాసంగా పైకి లేస్తోంది. ఎడమ భుజం ఒక అంగుళం కిందికి దిగి ఉంది.

డాక్టర్ సీతారామారావు తుంగభద్ర కాలవ కింద భూములు కొనుక్కుని వచ్చిన కోస్తా రైతుల కొడుకు. బొంబాయిలో చదివి, భార్య లేక పిల్లలు లేక, ఈ గదిలోనే ముసలివాడవుతున్నాడు. హంపయ్య ఫిల్ములు చూపించమనగానే అతని మొహం వెలిగింది. ఆరింటినీ వెలుగు పెట్టె మీద వరసగా అంటించాడు.

అతని పద్ధతి ఇది. మూడు వారాలకొక ఫిల్ము. గడ్డ నీడను డివైడరుతో కొలిచి, ఒక రకం గ్రాఫు కాగితం మీద చుక్క పెడతాడు. గడ్డ ఘనం ఒకే వేగంతో రెట్టింపవుతూ ఉంటే ఆ కాగితం మీద చుక్కలన్నీ తిన్నని గీతలో పడతాయి. మూడు చుక్కలు పడి గీత తెలిస్తే గానీ సూది మొదలుపెట్టడు. గీత తెలియకపోతే మందు దాన్ని వంచిందో లేదో చెప్పలేం అంటాడు. ఆ మందు మహాయుద్ధంలో విషవాయువుగా పుట్టిన సరుకు. గడ్డనూ చంపుతుంది, మనిషినీ సగం చంపుతుంది.

హంపయ్య చుక్కలు నలభై మిల్లీమీటర్లు, నలభై అయిదు, యాభై. సూదులు మొదలయ్యాక యాభై ఆరు, అరవై మూడు. ఏప్రిల్ ఇరవైన డెబ్బై ఒకటి ఉండాలి. ఉన్నది పన్నెండు.

"పన్నెండు, రత్నంగారూ! అణిగిపోయిన గడ్డ తాలూకు మిగులు అది." ఆరో ఫిల్ములో కుడి ఊపిరితిత్తి మీద పావలా కన్నా చిన్నదైన నీడను వేలితో చూపించాడు. "ఇరవై అయిదున బొంబాయి సభలో దీన్నే చదవబోతున్నాను."

"అదివరకు కాస్త పైన ఉన్నట్టుందే."

"కుంచించుకునేటప్పుడు జరుగుతుంది," అన్నాడు డాక్టరు. ఆ సందేహం తనకూ వచ్చి, తానే సర్దిచెప్పుకున్న గొంతు అది.

"ఈ ఆరో ఫిల్ము లేదనుకుందాం. అయిదు చుక్కల గీతనూ పొడిగిస్తే ఏమవుతుంది?"

డాక్టరు స్కేలు పెట్టాడు. ఎనభై దాటాక బతికినవాణ్ణి ఇంతవరకు చూడలేదన్నాడు. పెన్సిలు ఎనభై దగ్గర ఆగింది. కిందికి దిగి తేదీ చూశాడు.

"మే పదకొండు."

"హంపయ్య పోయింది పన్నెండున."

కాకతాళీయం అయ్యుండొచ్చన్నాడు డాక్టరు, ఫిల్ముల వైపు చూడకుండా.

వెంకటరత్నం వాటినే చూస్తున్నాడు. ఊపిరితిత్తులు చదవడం అతనికి చేతకాదు. అందుకని మిగతాదంతా చూశాడు. మొదటి అయిదు ఫిల్ముల్లోనూ కుడి భుజం మీద కోడిగుడ్డంత తెల్లటి మచ్చ ఉంది. అదేమిటని అడిగాడు.

కరడిగె అన్నాడు డాక్టరు. మొదటి రోజే దాని గురించి పెద్ద రభస జరిగిందట. ఛాతీ మీద వెండి ఉంటే ఎక్స్‌రే దాటదు, తియ్యమంటే హంపయ్య గది లోంచి లేచి వెళ్ళిపోబోయాడు. చివరికి గాళెప్పే దాన్ని భుజం మీదికి జరిపించి సర్దాడు.

"మరి ఆరోదాంట్లో ఏదండీ?"

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మచ్చ లేదు. ఈ ఫిల్మును రోజుకు పదిసార్లు చూస్తున్నవాడు, గడ్డ ఉండాల్సిన చోటు తప్ప మరొకటి చూడనేలేదు.

"ఇంకొకటి. ఇక్కడ ఎడమ భుజం నుంచి మెడ కిందికి వచ్చే ఎముక వంకరగా ఉంది. మిగతా అయిదింట్లో తిన్నగా ఉంది."

"విరిగి అతుక్కున్న ఎముక," అన్నాడు డాక్టరు. "చాలా పాతది. ఇది హంపయ్య ఛాతీ కాదు."

వెంకటరత్నం స్టూలు మీద కూలబడ్డాడు. దొరకాల్సింది దొరికింది. ఇంకెప్పుడైనా అయితే లోపల ఒక చిన్న గర్వం కదిలేది. ఇప్పుడు అది కదల్లేదు. గోడ అవతల మూడో మంచం మీద అక్కయ్య ఉంది. ఈ ఫిల్మును తిరిగి కవరులో పెట్టేస్తే రేపు ఆమె ఆశతో చెయ్యి చాపుతుంది. పెట్టకపోతే బసవమ్మ బతుకుతుంది. పెట్టేద్దామా అని అతను అక్షరాలా అనుకున్నాడు. పది నిమిషాల సేపు అనుకున్నాడు. అగ్గిపుల్లలు నాలుగు అయిపోయాయి.

"మీరు చెప్పింది నిజమని నేను సంతకం పెడితే," అన్నాడు డాక్టరు మెల్లగా, "రేపు మీ అక్కగారికి నేనివ్వబోయేది ఏమిటో మీకు తెలుసా?"

"తెలుసు. మీరు సంతకం పెట్టండి."

తీగ దగ్గర గాళెప్ప చేతిలోని ఫిల్ము జారిపడింది. దాన్ని తీయడానికి వంగలేదు. వెంకటరత్నం అతని వంకరభుజం కేసి చూశాడు. గాళెప్ప అడక్కముందే ఆ భుజం మీద చెయ్యి వేసుకున్నాడు.

"మైనింగు లారీ మీంచి పడితి. పదహైదేండ్లప్పుడు."

ఒకటింపావు. గాళెప్ప నిలబడే చెప్పాడు. నాలుగో సూదికి హంపయ్య జుట్టంతా దిండుకు అంటుకుంది. ఇంటికి పోతానని డాక్టర్ని బతిమాలితే గీత మధ్యలో తెగకూడదన్నాడట. అప్పుడు వచ్చి గాళెప్ప కాళ్ళు పట్టుకున్నాడు.

"నీళ్ళు పారే చేను చూసుకుంటా చస్తాను గాళెప్పా, అనె. ఫిల్ము బాగుంటే డాక్టరు ఇడుస్తాడు, లేకుంటే ఇడ్సడు. నేను అంగీ ఇప్పి నిలబడినా. ఫిల్ము మీద నంబరు పడేకి ఏడో నంబరు సీసం బిళ్ళ పెట్టినా. బొత్తాం హంపయ్యే నొక్కినాడు. నా మెడలో ఏమీ లేదు గదా, ఆ కరడిగె సంగతి నాకు తట్టనే లేదప్పా. ఆయప్ప మెడలో పెట్టుకోనే బొత్తాం నొక్కె."

బసవమ్మ చెప్పిన ఇంకొకరి అన్నం ఇదన్నమాట. ఆమెను పట్టుకున్నాకైనా ఎందుకు నోరు విప్పలేదని వెంకటరత్నం నిలదీశాడు. ఉద్యోగం పోతుందనా?

"ఒక మనిషిని ఇంటికి పంపేకి చేసినా నేను. డాక్టరుగారు ఆ ఫిల్మును వార్డంతా తిప్పి చూపించిరి. ఆ దినం అందురూ అన్నం తినిరి. మీ అక్క గూడ తినె. ఇంగ ఎట్ల చెప్పేది?"

డాక్టరు తల రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ అతన్ని ఓదార్చలేదు. కాసేపటికి తనే లేచి కలం తీశాడు.

మూడు ముప్పై అయిదుకు ముగ్గురూ స్టేషన్లో ఉన్నారు. బసవమ్మను జీపెక్కించబోతున్నారు. దురుగప్ప ఫిల్ములను ఎండకు పట్టి చూసి, ఆ ఒక్క దినం కరడిగె తీసి పక్కన పెట్టి ఉంటాడన్నాడు.

"మీ లాకప్పు రిజిస్టరు తెప్పించండి," అన్నాడు వెంకటరత్నం. "మొన్న మంగళవారం నాటి పేజీ."

హెడ్ కానిస్టేబులు చదివాడు. మెడలోని కరడిగె ఇవ్వనన్నది, మెడ కోసి తీసుకోమన్నది. కింద దురుగప్ప సంతకం ఉంది. దురుగప్ప గాళెప్ప దగ్గరికి వెళ్ళి, చొక్కా విప్పించి, మెడ కింది ఎముక మీది బుడిపెను వేలితో తడిమి చూశాడు. పని తెలిసినవాడు కాబట్టి దాంతో ఆ వాదన వదిలేశాడు.

"సరే. నల్లమందు?"

దానికి డాక్టరు సమాధానం చెప్పాడు. "ఆ దశలో ఉన్నవాడికి మార్ఫియా ఇస్తాం. నయమైపోయిందని చీటీ రాసిచ్చి, అది అందకుండా చేసినవాణ్ణి నేను. ఆమె దగ్గర ఉన్నది ఆమె పెట్టింది." మరణకారణం ఊపిరితిత్తుల కాన్సరు అని అప్పటికే రాసి సంతకం చేసిన కాగితం బల్ల మీద పెట్టాడు. "సమాధి తవ్వాలంటే తవ్వుకోండి. కడుపు ఒక్కటే కాదు, ఛాతీ కూడా తెరవమని నేను అర్జీ పెడతాను. అక్కడ మీకు ఎనభై మిల్లీమీటర్ల గడ్డ దొరుకుతుంది."

దురుగప్ప ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఛాతీ తెరిస్తే కేసు తనకే అడ్డం తిరుగుతుందని లెక్క వేసుకుని ఉంటాడు. జీపు ఆపమని హెడ్డుకు సైగ చేశాడు. మేజిస్ట్రేటుకు తానే చెప్పుకుంటానన్నాడు.

బసవమ్మ ఎవరికీ దణ్ణం పెట్టలేదు. "తవ్వరు గదా?" అని ఒక్క మాట అడిగి, తవ్వరని చెప్పించుకుని, గాజులు కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయింది.

"ఒక ఆడదాన్ని ఇడిపిస్తివి," అన్నాడు దురుగప్ప, ఫిల్ముల కట్ట వెంకటరత్నం చేతికి తిరిగిస్తూ. "బాగుండాది. ఆస్పత్రిలో పదిమంది ఉండారు. ఇంగ పోయి వాళ్ళకూ చెప్పుపో."

వెంకటరత్నం కట్టను డాక్టరు చేతికిచ్చి మెట్లు దిగాడు.

నాలుగూ యాభైకి అక్కయ్య మంచం పక్కన కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో దారంతా ఆలోచించుకుంటూ వచ్చాడు. ఆమె ముందే అందుకుంది.

"వదిలేశారా దాన్ని?"

"వదిలేశారు."

"అయితే హంపయ్యకు తగ్గలేదన్నమాట." అతని మొహం చూసి, ఇంకేమీ అడగకుండా దిండు సరిచేసుకుంది. చిన్నప్పుడు అతను దాచిన బెల్లం ముక్క ఎక్కడుందో కూడా ఇలాగే చెప్పేసేది. "మంచి పని చేశావు. నన్నేమీ అనుకోకు, కాసేపు గోడవైపు తిరిగి పడుకుంటాను."

అతను వార్డు లోంచి బయటికి వచ్చాడు. ఫిల్ముల గదిలో దీపం వెలుగుతోంది. డాక్టరు వెలుగు పెట్టె ముందు నిలబడి ఆరో ఫిల్మునే చూస్తున్నాడు. బొంబాయి కాగితాలు చింపి బుట్టలో వేసినట్టున్నాడు. పక్కన కొత్త గ్రాఫు కాగితం మీద ఏప్రిల్ ఇరవై అని రాసి, ఒకే ఒక్క చుక్క పెట్టి ఉంది.

పన్నెండు దగ్గర ఉంది ఆ చుక్క.

వెంకటరత్నం ఆ చుక్కను చూశాడు, ఫిల్ములోని నీడను చూశాడు. అప్పుడు తెలిసింది. ఇది హంపయ్య ఛాతీ కాకపోతే ఆ నీడ అణిగిన గడ్డ మిగులు కాదు. కరడిగె గురించి, ఎముక గురించి అంత వాదించినవాడికి ఇంతసేపూ ఆ మాట తోచనేలేదు.

"ఒక్క చుక్కతో గీత రాదు," అన్నాడు డాక్టరు. "రెండోది కావాలి. ఇంత చిన్నగా ఉండగా నా దగ్గరికి ఇంతవరకు ఒక్కడూ రాలేదు, రత్నంగారూ. వెల్లూరు పెద్దాస్పత్రికి పంపితే కోసి తీసేవాళ్ళేమో. ఏప్రిల్ ఇరవైనే తెలిసి ఉంటే ఇరవై ఆరు రోజులు కలిసొచ్చేవి. గాళెప్పకు ఎలా చెప్పాలి?"

ఎక్స్‌రే గది తలుపు తెరిచే ఉంది. లోపల గాళెప్ప చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. చెవిలోని బీడీ తీసి కిటికీలో పెట్టాడు. సీసం బిళ్ళల డబ్బాలో చెయ్యి పెట్టి కెలికి, ఒకటి అంకె, రెండు అంకె ఏరి, ఫిల్ము పెట్టె మూలన పక్కపక్కనే అంటించాడు. వార్డులో ఉన్నది పదకొండు నంబర్ల వరకే.

"నీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాడు వెంకటరత్నం గడపలో నిలబడి.

"ఫిల్ము కడిగిన దినమే సార్. నా ఛాతీ నాకు తెలీదా? డాక్టరుగారు దాన్ని చూసి నవ్వుతాండిరి." అతను వెళ్ళి పలక ముందు నిలబడి, గడ్డం ఆనించి, వంకరభుజాన్ని సాధ్యమైనంత సమంగా పెట్టాడు. "నేను నిలబడితే బొత్తాం నొక్కేకి మనిషి కావల్ల. రాండి సార్."

వెంకటరత్నం సీసం తెర వెనక్కి వెళ్ళాడు. ఊపిరి పీల్చి బిగబట్టమని రోగులకు గాళెప్ప రోజూ చెప్పే మాటే, ఇప్పుడు అతను గాళెప్పకు చెప్పాడు. చెప్పి బొత్తాం నొక్కాడు.